అడవి పక్కన ఉన్నవారి మాట

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో రెండూ మాట్లాడే ఈ ధర్మపురి సీమలో, పెరియంపట్టిలో జరిగే తెలుగు సదస్సుకు అధ్యక్షత వహించమని నన్ను పిలిచారు. ఇలాంటి సభలో అధ్యక్షుడు కవిత్వం గురించో కథ గురించో మాట్లాడటం రివాజు. నేను ఈ రోజు అడవి గురించి మాట్లాడదలచుకున్నాను. ఎందుకంటే అడవి గురించి చాలామంది రాశారు గాని, అడవి పక్కన బతికినవాళ్ళ మాట మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. ఆ లోటు తీర్చవలసింది సాహిత్యకారులే.

ఉష్ణమండలంలో అడవులు నరికితే భూమి వేడెక్కుతుందని ఇప్పుడు పత్రికల్లో రోజూ చదువుతున్నాం. అడవి పోతే వాతావరణం మారుతుందన్న చర్చకు మన మద్రాసు ప్రెసిడెన్సీలో నూటడెబ్బయి ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. 1849లో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే సైనిక వైద్యుడు చెట్లకూ వానకూ ఉన్న సంబంధం మీద మద్రాసు నుంచి వెలువడే విద్వత్పత్రికలో వ్యాసం రాశాడు. ఆ మరుసటి ఏడు బ్రిటన్‌లోని శాస్త్రజ్ఞుల సంఘం, ఉష్ణమండలపు అడవులు నాశనమైతే ఏమవుతుందో తేల్చమని ఒక కమిటీ వేసింది. దాని నివేదిక 1851లో సభ ముందుకు వచ్చింది. ఆ పని నడిపిన హ్యూ క్లెగ్‌హార్న్ మద్రాసులోనే పుట్టినవాడు, మైసూరు ప్రాంతంలో వైద్యుడుగా పనిచేసినవాడు. 1856లో ఆయనే మద్రాసు ప్రెసిడెన్సీకి అడవుల కన్సర్వేటర్ అయ్యాడు. బొగ్గుపులుసు వాయువు వేడిని పట్టి ఉంచుతుందని టిండాల్ ప్రయోగశాలలో కొలిచి చూపింది 1859లో. అంటే వీళ్ళు నివేదిక రాసేనాటికి ఆ సంగతి లెక్కలోకి రాలేదు. వాన తగ్గుతోంది, ఊటలు ఎండుతున్నాయి, మన్ను కొట్టుకుపోతోంది అన్నదే వాళ్ళ ఆందోళన.

అదే కాలంలో మన అడవులకు ఏమవుతోందో చూడండి. జొసయ్య మార్షల్ హీత్ అనే ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువు వదులుకుని, 1830 ప్రాంతంలో పరంగిపేటలో ఇనుము తీసే కార్ఖానా పెట్టాడు. ఇనుపరాయి సేలం సీమది, దాన్ని కరిగించే నిప్పు మన అడవి కట్టెల బొగ్గుది. తర్వాత రైలు వచ్చింది. మద్రాసు నుంచి వాలాజా దాకా 1856లో బండి నడిచింది. పట్టాల కింద వేసే స్లీపర్ల కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో ఏటా ముప్పై అయిదు వేల చెట్లు కావాలని అప్పటి లెక్క. అది స్లీపర్ల మాటే. ఇంజన్ల పొయ్యిలోకి పోయిన కట్టె వేరు. ఇంత జరుగుతుంటే క్లెగ్‌హార్న్ వర్గం నేరాన్ని ఎక్కువగా మోపింది ఎవరి మీద? కొండ మీద పోడు కొట్టుకునేవాళ్ళ మీద. 1860లో మద్రాసు ప్రభుత్వం పోడును నిషేధించింది. క్లెగ్‌హార్న్ స్లీపర్ల సంగతి గుర్తించకపోలేదు, కాని శిక్ష పడింది మాత్రం నోరు లేనివాళ్ళకే.

అడవికీ భూతాపానికీ ఉన్న లంకె ఏమిటో ఒక కట్టెదుంగతో చెబుతాను. బాగా ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కర్బనం. ఆ కర్బనం మట్టిలోంచి వచ్చింది కాదు, ఆకులు గాలిలోంచి లాగి దాచుకున్నది. నూరు కిలోల ఎండుకట్టె కాలిస్తే అందులోని యాభై కిలోల కర్బనం మళ్ళీ గాలిలోకి పోతుంది. పోతూ పోతూ ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. పన్నెండు పాళ్ళ కర్బనం ముప్పైరెండు పాళ్ళ ఆక్సిజన్‌ను తీసుకుని నలభైనాలుగు పాళ్ళ వాయువు అవుతుంది. ఆ లెక్కన నూరు కిలోల కట్టె నుంచి నూట ఎనభై కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు లేస్తుంది. కాల్చకుండా వదిలేసినా చెదలూ బూజూ తిని అదే పని నెమ్మదిగా చేస్తాయి. నరికినచోట మళ్ళీ అడవి లేస్తే ఆ వాయువు తిరిగి చెట్టులోకి చేరుతుంది. దున్నేసో, గని తవ్వో, రోడ్డు వేసో లేవనివ్వకపోతే అది ఆకాశంలోనే ఉండిపోతుంది. అందుకే ఎండు కొమ్మలు ఏరుకుని కట్టెలమోపు నెత్తిన పెట్టుకొచ్చే మన పల్లె ఆడవాళ్ళనూ, వేల ఎకరాలు చదును చేసే కంపెనీనీ ఒకే గాటన కట్టడం అన్యాయమని నేను అంటాను.

ప్రపంచం మొత్తం మీద మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువులో ఇంచుమించు పదోవంతు భూమి వాడకం మారడం వల్ల, ముఖ్యంగా ఉష్ణమండలపు అడవుల నరికివేత వల్ల వస్తోంది. మిగతాది బొగ్గు, చమురు, గ్యాసు, సిమెంటు. పదోవంతే కదా అనుకోకూడదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం 1990 తర్వాత ముప్పై ఏళ్ళలో 42 కోట్ల హెక్టార్ల అడవి వేరే వాడకాల కిందికి పోయింది. మన దేశం మొత్తం విస్తీర్ణం 33 కోట్ల హెక్టార్లలోపు.

కర్బనం ఒక్కటే అయితే దూరాన ఉన్నవాళ్ళ గొడవ అనుకోవచ్చు. అడవి నీటిని కూడా నడిపిస్తుంది. అమెజాన్‌లో కురిసే వానలో సుమారు సగం ఆ చెట్లే పీల్చి ఆవిరిగా వదిలినదని 1970లలోనే బ్రెజిల్ శాస్త్రజ్ఞులు చూపించారు. మన నైరుతి రుతుపవనం వానలు కూడా, ముఖ్యంగా గంగా మైదానంలోనూ ఈశాన్యంలోనూ, అడవులు పొలాలుగా మారడం వల్ల బలహీనపడ్డాయని బొంబాయి ఐఐటీ పరిశోధకులు 2016లో రాశారు. చెట్టు వేళ్ళు లోతునుంచి నీళ్ళు తోడి గాలికి ఇస్తాయి, పైరు వేళ్ళకు అంత లోతు లేదు. బోరు వేసిన ప్రతిసారీ లోతుకు పోతున్న ఈ జిల్లా రైతుకు నేను ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇక మన తూర్పు కనుమల మాట. శ్రీకాకుళం వైపునుంచి నల్లమల, శేషాచలం మీదుగా మన చిత్తేరి, శేర్వరాయన్ కొండల దాకా ఒకే వరుస. హైదరాబాదు విశ్వవిద్యాలయం వాళ్ళు పాత పటాలూ ఉపగ్రహ చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూశారు. 1920 నుంచి 2015 లోపల ఈ కనుమల విస్తీర్ణంలో దాదాపు పదహారు శాతం మేర అడవి పోయిందని 2018లో ప్రకటించారు. అందులో సగం పొలాలుగా మారింది, కొంత తుప్పల బీడుగా మిగిలింది.

ఎందుకు కాపాడలేకపోయాం? ఈ ప్రశ్నకు జవాబు కూడా ఈ నేలలోనే ఉంది. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి మన ఈ బారామహల్ సీమ కంపెనీ చేతికి వచ్చినప్పుడు అలెగ్జాండర్ రీడ్ కింద పన్నులు నిర్ణయించడానికి వచ్చిన కుర్ర అధికారి థామస్ మన్రో. తర్వాత రాయలసీమకు కలెక్టరై, అక్కడి జనం పిల్లలకు తన పేరు పెట్టుకునేంత మంచివాడనిపించుకున్నాడు. మద్రాసు గవర్నరుగా 1823లో ఆయన మలబారులో సర్కారు కలప గుత్తాధిపత్యాన్ని ఎత్తేశాడు. ప్రజల మొర విని చేసిన పనే అది. కాని ఆ తలుపు తెరవగానే దూరింది వర్తకులు. అటుపైన 1882 మద్రాసు అటవీ చట్టం తలుపు గట్టిగా మూసింది. రిజర్వు అడవిగా ప్రకటించేముందు హక్కులున్నవాళ్ళు గడువులోగా సెటిల్‌మెంటు అధికారికి చెప్పుకోవాలి, చెప్పుకోనివాళ్ళ హక్కు రద్దు. చదువురాని కొండవాళ్ళకు ఆ ప్రకటన చేరిందెంత, చెప్పుకున్నదెంత? అలా పోయిన హక్కుల మంట నుంచే 1921లో పల్నాడులో పుల్లరి అనే మేత పన్ను మీద సత్యాగ్రహం పుట్టింది, కన్నెగంటి హనుమంతు బలైపోయాడు. ఆ మంటే 1922లో రంప కొండల్లో అల్లూరి సీతారామరాజు వెంట జనాన్ని నడిపించింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణం ఇచ్చింది నిజాం రాజ్యంలో, కాని గొడవ అదే.

స్వరాజ్యం వచ్చాక తీరిందా అంటే, మన హరూరు తాలూకా వాచాత్తి ఉంది. 1992 జూన్ 20న చందనం దొంగల కోసమంటూ అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ మలయాళి గిరిజనుల ఊరి మీద పడ్డారు. ఊరిని ధ్వంసం చేశారు, పద్దెనిమిది మంది ఆడవాళ్ళ మీద అత్యాచారం జరిగింది. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి కోర్టు 269 మంది ముద్దాయిలనూ దోషులన్నది, అప్పటికే 54 మంది చనిపోయారు. సరిగ్గా పన్నెండేళ్ళకు, 2023 సెప్టెంబరు 29న మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. అడవిని కాపాడే పేరుతో ఇలాంటిది జరిగిన జిల్లాలో నిలబడి, అడవి శాఖకు ఇంకొన్ని తుపాకులిస్తే భూతాపం తగ్గుతుందని చెప్పడానికి నాకు నోరు రాదు.

ప్రపంచ స్థాయి ప్రయత్నాల మాటకొస్తే, కొన్ని నిలిచాయి, కొన్ని వట్టిపోయాయి. ఉన్న అడవిని నరక్కుండా ఉంచినందుకు ప్రతిఫలం అనే ఆలోచనకు క్యోటో ఒప్పందంలో చోటు దొరకలేదు. 2005లో పపువా న్యూగినీ, కోస్టారికా దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చాయి. 2007లో బాలిలో అంగీకారం కుదిరింది. దాని మీద కార్బన్ క్రెడిట్ల వ్యాపారం లేచింది. ఆరు దేశాల్లో 26 ప్రాజెక్టులు పరిశీలించి, వాటిలో చాలావరకు నరికివేతను చెప్పినంత తగ్గించలేదని 2023లో శాస్త్రజ్ఞులు తేల్చారు. అదే బ్రెజిల్‌ను చూడండి. 2004లో అమెజాన్‌లో 27,772 చదరపు కిలోమీటర్లు నరికారు. రబ్బరు పాలు తీసే కుటుంబంలో పుట్టి, పదహారేళ్ళ వయసులో అక్షరాలు నేర్చిన మరీనా సిల్వా అప్పుడు పర్యావరణ మంత్రి. ఉపగ్రహం మీద నిఘా, నరికిన భూమిలో పండిన సోయా కొనబోమన్న వర్తకుల ఒప్పందం, ఆదివాసుల భూములకు హద్దులు గీసి ఇవ్వడం, ఇవన్నీ కలిసి 2012కల్లా నరికివేతను 4,571 చదరపు కిలోమీటర్లకు దించాయి. పట్టు సడలాక 2021లో 13,038కి ఎగబాకింది. ఆమె మళ్ళీ మంత్రి అయ్యాక 2024లో 6,288కి దిగింది. ప్రభుత్వం తలచుకుంటే అవుతుంది, వదిలేస్తే పోతుంది. హద్దు గీసి ఆదివాసుల చేతికిచ్చిన భూముల్లో నరికివేత తక్కువని పరిశోధన మీద పరిశోధన చెబుతోంది.

మన దేశం 2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును చెట్లలో దాచుతానని ప్రపంచానికి మాట ఇచ్చింది. మంచిదే. కాని మన అటవీ సర్వే లెక్కలో హెక్టారుకు తగ్గని నేల మీద పదిశాతం ఆకుల నీడ ఉంటే చాలు, అది అడవే. మామిడితోపైనా, కొబ్బరితోటైనా, జామాయిల్ అయినా అంతే. ఈ చుట్టుపక్కల మామిడి తోటలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మామిడి మీద నాకు ప్రేమే గాని, దానికింద మందులు కొట్టి దున్నిన నేలను చిత్తేరి కొండ అడవితో సమానం చేసి చూపే లెక్క మనల్ని మనమే మోసగించుకోవడం. 2022లో మన జిల్లాకూ కృష్ణగిరికీ చెందిన 686 చదరపు కిలోమీటర్లు కావేరి దక్షిణ అభయారణ్యం అయింది. దాన్ని మనసారా స్వాగతిస్తాను. కాని ఆ మరుసటి మార్చిలో మారండహళ్ళి దగ్గర పొలానికి అక్రమంగా పెట్టిన కరెంటు కంచె తగిలి మూడు ఏనుగులు చచ్చిపోయి, వెంట ఉన్న రెండు గున్నలు మిగిలాయి. అడవి అంచున పంట పోగొట్టుకునేవాడికి పరిహారం సకాలంలో అందకపోతే ఏ అభయారణ్యమూ గట్టిగా నిలవదు.

ఒక చిన్న ఉదాహరణ చెప్పాలి. అప్పటి ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ ఆడవాళ్ళ సంఘం కానుగ గింజలు ఏరి నూనె తీసింది. ఆ నూనె డీజిలుకు బదులు వాడినందువల్ల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్కకట్టి 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్ళకు 645 డాలర్లు చెల్లించింది. పెద్ద సొమ్మేం కాదు. కాని చెట్టు నిలబడితే తమకు డబ్బొస్తుందన్న ఎరుక ఒక ఊరి ఆడవాళ్ళకు నేరుగా కలిగింది.

వనవాసి పేరుతో తెలుగులోకి వచ్చిన బెంగాలీ రచయిత బిభూతిభూషణుడి నవల ఆరణ్యక్ చదివినవాళ్ళకు గుర్తుంటుంది. అడవిని ప్రేమించిన మేనేజరే దాన్ని ముక్కలు చేసి కౌలుకిస్తాడు, జీవితమంతా ఆ బాధ మోస్తాడు. గొప్ప పుస్తకం. అయినా అది కూడా బయటినుంచి వచ్చిన చదువుకున్నవాడి గొంతే. మన సరిహద్దు తెలుగులో గొర్రెలు కాసినవాళ్ళు, చింతపండు కొట్టినవాళ్ళు, తేనె తీసినవాళ్ళు చెప్పే అడవి ఇంకా పుస్తకం కాలేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక పని అడుగుతున్నాను. 2006 అటవీ హక్కుల చట్టం, ఊరు తరతరాలుగా కాపాడుకొస్తున్న అడవి మీద ఊరికే అధికారం ఇచ్చింది. తమిళనాడులో కోర్టు వ్యాజ్యం వల్ల పట్టాలు చాలా ఏళ్ళు ఆగిపోయాయి, ఇప్పటికీ పని నత్తనడకే. ఆ చట్టం కింది నియమాలు సాక్ష్యాల జాబితాలో ఊరి పెద్దల నోటిమాటను రాతలో పెట్టినదాన్ని కూడా చేర్చాయి, ఆ పెద్ద హక్కు అడిగేవాడు కాకూడదన్నది ఒక్కటే షరతు. 1882లో గడువు దాటిందని కొట్టేసిన మాటకు ఇప్పుడు చట్టంలో చోటుంది. అందుకని ఈ సదస్సుకు వచ్చిన ప్రతి రచయితా అడవి అంచు ఊరొకటి ఎంచుకోండి. అక్కడి పెద్దల దగ్గర కూర్చోండి. ఏ చెట్టు ఎక్కడ ఉండేది, ఏ ఊట ఎప్పుడు ఎండింది, ఎవరు నరికారు, ఎవరు అడ్డుపడ్డారు, మంద ఏ దారిన పోయేది, ఇవన్నీ వాళ్ళ మాటల్లోనే రాయండి. తమిళంలోకి తిప్పి ఒక ప్రతి ఆ ఊరి గ్రామసభకు ఇవ్వండి, తెలుగు ప్రతి వచ్చే సదస్సుకు తీసుకురండి. కథల పోటీకి ముందు మనం వాటినే చదువుకుందాం.