పండుగ ఒకటే, నెలలు రెండు
(ఒక కళాశాల సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుండి తెలుగులోకి అనువదించేవారికి నిఘంటువు ఒక్కటే చాలదు. పంచాంగం కూడా కావాలి. చమత్కారానికి అంటున్న మాట కాదిది. శ్రీకృష్ణుడు భాద్రపద కృష్ణాష్టమినాడు జన్మించాడని హిందీ రచయిత వ్రాస్తాడు. దానిని మాటకు మాటగా తెనిగిస్తే, మన పిల్లలు వినాయకచవితి దాటిన తరువాత, మహాలయ పక్షంలో ఉట్టి కొట్టవలసివస్తుంది! మనకు అది శ్రావణ బహుళాష్టమి. అట్లే శివరాత్రి వారికి ఫాల్గుణంలో, మనకు మాఘంలో. దీపావళి వారికి కార్తికంలో, మనకు ఆశ్వయుజంలో.

ఇంతకూ జరిగినదేమిటి? ఉత్తరాదిన నెల పున్నమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో ముగుస్తుంది. శుక్లపక్షంలో ఇద్దరిదీ ఒకే నెల. కృష్ణపక్షం రాగానే వారు ఒక నెల ముందుకు పోతారు. ఆకాశంలో చంద్రుడు మాత్రం ఒక్కడే. పండుగ జరిగే రోజూ ఒక్కటే.

ఈ తికమక మన దేశానికే ప్రత్యేకమని చిన్నబోనక్కరలేదు. జార్జి వాషింగ్టన్ జన్మించిన నాటి లెక్కలో తేదీ 1731 ఫిబ్రవరి 11. బ్రిటిష్ ప్రభుత్వం 1752లో క్యాలెండరును సంస్కరించి, సెప్టెంబరు 2 మరునాటిని 14గా నిర్ణయించింది. సంవత్సరారంభాన్ని కూడా మార్చి 25 నుండి జనవరి 1కి జరిపింది. దానితో ఆ మహనీయుని జన్మదినం 1732 ఫిబ్రవరి 22 అయింది. కథ అంతటితో ముగియలేదు. 1971 నుండి అమెరికా సమాఖ్య ప్రభుత్వం ఆ సెలవును ఫిబ్రవరి మూడవ సోమవారానికి మార్చింది. మూడవ సోమవారం 15కు, 21కి నడుమనే వస్తుంది. కనుక ఆయన జన్మదినపు సెలవు ఆయన జన్మదినాన ఎన్నడూ రాదు!

రష్యాలో 1917 నాటి అక్టోబరు విప్లవ వార్షికోత్సవాన్ని సోవియట్ కాలమంతా నవంబరు 7న జరిపారు. అక్కడ 1918 జనవరి 31 మరునాడు ఫిబ్రవరి 14 అయింది. పోయిన ఆ పదమూడు రోజుల జ్ఞాపకంగా జనవరి 14న 'పాత కొత్త సంవత్సరం' జరుపుకునేవారు నేటికీ ఉన్నారు.

మన దేశంలో 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన క్యాలెండరు సంస్కరణ సంఘం సుమారు 30 పంచాంగ పద్ధతులను గుర్తించింది. 1957 మార్చి 22న, అనగా శకం 1879 చైత్రం 1న, జాతీయ క్యాలెండరు అమలులోకి వచ్చింది. గెజెట్టులో ఆ తేదీ కనిపిస్తుంది. అయినా మన ఉగాది పచ్చడి దాని కోసం ఆగలేదు. తమిళుల పుత్తాండు, పంజాబీల వైశాఖి ఏప్రిల్ నడుమ వస్తూనే ఉన్నాయి. గుజరాతీల నూతన సంవత్సరం దీపావళి వెంటనే వస్తూనే ఉంది. కార్యాలయానికి ఒక లెక్క ఏర్పడింది, ఇంటింటి లెక్క ఇంటిలోనే నిలిచింది. రెండింటికీ చోటున్నది.

ఇందులో నవ్వుకోదగినది ఎంత ఉన్నదో, జాగ్రత్తపడవలసినదీ అంత ఉన్నది. పాఠ్యపుస్తకంలో ఒక్క నెల పేరు సవరించకపోతే, ఉత్తరాదివారికి కృష్ణాష్టమి ఎప్పుడో తెలియదని మన బాలుడు అనుకుంటాడు. అక్కడి బాలుడూ మనలను గురించి అట్లే అనుకుంటాడు. కనుక మిత్రులారా, పొరుగువారి తేదీ వేరుగా కనిపించినప్పుడు, లెక్క తప్పిందనకండి. వారి నెల ఎక్కడ మొదలవుతుందో ముందు అడగండి.