అన్నానికీ అక్షరానికీ ఒకే గడప

(అన్నదాన సభలో చేసిన ఉపన్యాస పాఠం)



అన్నదానం చేసేవానికి కలిగే పుణ్యాన్ని గురించి ఈ మండపంలో ఎందరో పెద్దలు సెలవిచ్చారు. పుచ్చుకొనేవాని మనస్సును గురించి నాలుగు మాటలు విన్నవించుకోవాలని నేడు నా సంకల్పం.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో, చదువు ముగించిన శిష్యునికి ఆచార్యుడు చేసిన ఉపదేశం ఉన్నది. స్వాధ్యాయాన్ని విడువవద్దని చెప్పిన ఆ నోటితోనే దానం ఎట్లా చేయాలో కూడా ఆయన చెప్పాడు. శ్రద్ధతో ఇవ్వమన్నాడు, సిగ్గుతోనూ ఇవ్వమన్నాడు. ఇచ్చేవానికి సిగ్గెందుకని పాఠశాలలో మా గురువుగారిని అడిగాము. "అంత ఆకలి ముందు నేనిచ్చేది ఇంతేనా అని" అన్నారాయన. లోకంలో జరుగుతున్నది దీనికి విపరీతం. వరుసలో నిలబడినవాడు తల దించుకుంటాడు. ఇచ్చేవాడు ఫొటో తీయించుకుంటాడు.

ఆ సిగ్గును పుచ్చుకొనేవాని మీదనుండి దించే ఏర్పాటును అమెరికాలో, మా అమ్మాయి ఉండే ఊరి గ్రంథాలయంలో చూశాను. ఆ దేశంలో 2009లో విస్కాన్సిన్ రాష్ట్రపు హడ్సన్ అనే ఊళ్ళో ఒకరు తమ ఇంటి ముందు చిన్న పుస్తకాల పెట్టె నిలిపారు. దారినపోయేవారెవరైనా పుస్తకం తీసుకోవచ్చు, పెట్టవచ్చు. ఆ పద్ధతిని చూసి 2016లో ఆర్కన్సా రాష్ట్రపు ఫాయెట్‌విల్‌లో ఒకరు ఆహారపు పెట్టె నిలిపారు. అక్షరం ముందు నడవగా అన్నం వెనుక నడిచిందన్నమాట. గ్రంథాలయాలలోనూ ఇటువంటి అరలున్నాయి. వాటిని ఫుడ్ ప్యాంట్రీ అంటారు.

అక్కడున్న ఆరు నెలలూ వారానికి రెండు రోజులు ఆ అరలు సర్దే పని నాకిచ్చారు. బియ్యం, ఓట్లు, డబ్బాలలోని చిక్కుళ్ళు, పసిపిల్లల పాలపొడి, సబ్బులు వచ్చేవి. గడువు దాటినవీ, ఉబ్బిన డబ్బాలూ తీసివేయాలి. గడువు దగ్గరపడినవి ముందుకు జరపాలి. వండిన పదార్థాలు స్వీకరించరు. మన తెలుగు కుటుంబాలవారు కందిపప్పు తెచ్చి పెట్టారు. వారం దాటినా అది కదలలేదు. వండే విధానం నాలుగు పంక్తులలో ఆంగ్లంలో వ్రాసి అతికిస్తే రెండు రోజులలో అయిపోయింది. ఇచ్చేవానికి ఇష్టమైతే చాలదు, తినేవానికి వండుకోవడం తెలియాలి.

అక్కడ పేరు అడగరు, కారణం అడగరు. గ్రంథాలయంలోకి వచ్చేవాడు పత్రిక కోసం వచ్చాడో, పప్పు కోసం వచ్చాడో బయటివారికి తెలియదు. గడప ఒక్కటే. ఒక తల్లి తన పిల్లలు ఏరుకొన్న కథల పుస్తకాలనూ, తాను తీసుకొన్న బియ్యాన్నీ ఒకే సంచిలో పెట్టుకొని వెళ్ళడం చూశాను.

ఒక సాయంకాలం కందిపప్పు తీసుకొన్న పిల్లవాడు మన తెలుగు విద్యార్థి. నా పంచె, బొట్టు చూసి నిలువునా బిగుసుకుపోయాడు. ఇక్కడ తల్లిదండ్రులు అప్పుచేసి పంపి ఉంటారు. అక్కడి అవస్థ వారికి చెప్పుకొని ఉండడు. నేను చేతిలోని పుస్తకం మీదికి చూపు దించుకొని పుట త్రిప్పాను. అతడు వెళ్ళేదాకా తల ఎత్తలేదు. సిగ్గుతో ఇవ్వడమంటే ఏమిటో అరవై ఏళ్ళ క్రితం విన్న మాట నాకు ఆ క్షణాన పూర్తిగా అర్థమయింది.

"అపాత్రులు పట్టుకుపోతే?" అని కొందరు భక్తులు అడుగుతారు. గోదానానికి, భూదానానికి పాత్రత చూడమన్నది శాస్త్రం. అన్నానికి ఆకలి ఒక్కటే పాత్రత. అవసరం లేనివాడు ఒకడు పట్టుకుపోయినందువల్ల మనకు కలిగే నష్టం ఒక పప్పు పొట్లం. అవసరమున్నవాడు సిగ్గుపడి వెనుదిరిగితే కలిగే నష్టం ఒక ప్రాణి ఆకలి. ఏది పెద్దదో మీరే నిర్ణయించండి.

ఇక మన ఊరి సంగతి. మన శాఖా గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే పిల్లలు ఉదయం తలుపు తీసినప్పటినుండి రాత్రి మూసేవరకు కూర్చుంటున్నారు. మధ్యాహ్నం కొందరు క్యారేజీ విప్పుతారు. కొందరు మంచినీళ్ళు త్రాగి వచ్చి మళ్ళీ పుస్తకం తెరుస్తారు. ఆలయంలో అన్నప్రసాదం ఉన్నది కదా అంటే, వరుసలో నిలబడడానికి వారికి మొగమాటం.

కనుక ధర్మకర్తలకు నా విన్నపం ఇది. గ్రంథాలయాధికారి అనుమతితో అక్కడ ఒక బీరువా పెట్టిద్దాం. అరటిపండ్లు, అటుకులు, వేయించిన శనగలు, వేరుశనగ ఉండలు అందులో ఉంచుదాం. రోజూ ప్రొద్దున ఒకరు వెళ్ళి చూసి, నిలువ ఉన్నవి తీసి, తాజావి నింపాలి. మొదటి నెల ఆ పని నేను చేస్తాను. దానిమీద దాత పేరు వ్రాయవద్దు. ఆధార్ అడగవద్దు. ఫొటో తీయవద్దు.

అన్నపూర్ణాదేవి చేతిలో గరిటె ఉన్నది గాని చిట్టా పుస్తకం లేదు. ఆ తల్లి అనుగ్రహం మనందరికీ కలుగుగాక.

స్వస్తి.