నిబంధన మారితే వ్యూహం మారుతుంది

బల్లమీద చిన్న చిన్న సైనికుల బొమ్మలు నిలిపి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి ఆడే యుద్ధక్రీడల గురించి ఈ రోజు తెలుసుకుందాం.

బ్రిటన్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో విడుదల చేసిన ‘వార్‌హామర్ 40,000’ ఇలాంటి ఆటే. ఇందులో ప్రతి దళానికీ కొన్ని పాయింట్ల విలువ ఉంటుంది. ఇద్దరు ఆటగాళ్లూ సమానమైన పాయింట్లకు, ఉదాహరణకు 2000కు, సైన్యాలను ఎంచుకుంటారు. అంటే వ్యూహం ఎంపికలోనే మొదలవుతుందన్నమాట.

ఒక దళం బలం దాని పాయింట్లను మించి ఉంటే ఏమవుతుంది? ఆటగాళ్లు దానినే పదేపదే తెస్తారు. 2018 ఆరంభంలో రెక్కలున్న ‘హైవ్ టైరెంట్’ బొమ్మల విషయంలో ఇదే జరిగింది. ఆ ఏప్రిల్‌లో సంస్థ టోర్నమెంట్లకు ఒక పరిమితి సూచించింది. 2000 పాయింట్ల సైన్యంలో ఒకే రకం దళాలు మూడుకు మించరాదు. ‘ట్రూప్స్’ అనే ప్రధాన దళాలకూ, రవాణా వాహనాలకూ మాత్రం మినహాయింపు ఇచ్చింది.

దీంతో మిగిలిన పాయింట్లకు వేరే దళాలను వెతకాలి, వాటిని కలిపి నడపడం నేర్చుకోవాలి. ఆట వైవిధ్యానికి ఇది మేలే. కానీ నాలుగో బొమ్మను కొని, ఓపికగా రంగులు వేసుకున్నవారి మాటేమిటి? అలాంటి టోర్నమెంట్లలో అది అల్మారాకే పరిమితం.

పాయింట్లు పెంచడం మరో మార్గం. పరిమితి దారి మూసేస్తుంది. ధర పెంచితే దారి ఉంటుంది, కానీ ఖరీదవుతుంది. ఈ రెండింటిలో ఏది న్యాయం? మీరే చర్చించండి.