తొలకరికి లేచే నేలతాడి పువ్వు



వడ్డాదిలో నిలబడి మాడుగుల వైపు చూస్తే మన కొండలు కనిపిస్తాయి. పాడేరు నుంచి సంతకు దిగినా, చదువుకు దిగినా, కూలికి దిగినా ఈ ఊరి మీదుగా పోయేవాళ్లం మనలో చాలామందిమి. ఒకప్పుడు ఇక్కడ ఏలిన ఒడ్డాది మత్స్య రాజుల గురించి చెప్పేవాళ్లు ఉన్నారు, శాసనాలూ ఉన్నాయి. మేము మాత్రం ఈ రోజు మూరెడు ఎత్తు దాటని ఒక మొక్క గురించి చెప్పదలిచాం. అదే నేలతాడి.

ఎండాకాలంలో మోదుగ, కొండగోగు పూస్తే ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి. నేలతాడి అలా కాదు, వంగి చూస్తేనే దొరుకుతుంది. వేసవిలో అది ఉన్నట్టే తెలియదు. ఆకంతా ఎండిపోయి, దుంప ఒక్కటే మట్టిలో నిద్రపోతుంది. పైన నిప్పు పాకినా దానికి పట్టదు. తొలి వానలు పడి మట్టి మెత్తబడగానే, మిగతా గడ్డి ఇంకా తల ఎత్తకముందే, ఆకులతో పాటు పసుపు పచ్చని పువ్వు లేస్తుంది. ఆరు రేకులు, చుక్కలా ఉంటుంది. గడ్డి పెరిగిపోతే ఇంత పొట్టి పువ్వు తేనెటీగ కంట పడదు కదా, అందుకే దానికి ఆ తొందర అని మా ఉద్దేశం.

లేత తాటి మొక్క ఆకుల్లా ఈ ఆకులకూ మడతలుంటాయి. అందుకే ఆ పేరు. సంస్కృతంలోనూ తాలమూలి అనే అన్నారు. మన పూర్వీకుల చూపు ఆకు మీద పడింది. శాస్త్రవేత్తల చూపు గింజ మీద పడింది. నల్లగా మెరిసే ఆ గింజకు చిన్న ముక్కు ఉంటుంది. బియ్యంలో పట్టే ముక్కు పురుగును లాటిన్‌లో ఏమంటారో ఆ మాట నుంచే దీనికి కుర్కులిగో అని పేరు పెట్టారు. పూర్తి పేరు కుర్కులిగో ఆర్కియాయిడిస్. మా మటుకు నేలతాడే బాగుంది.

ఇక దీని అసలు విచిత్రం వినండి. పువ్వు కింద మీకు కాడలా కనిపించేది నిజానికి కాడ కాదు, పువ్వులోనే సాగిన భాగం. అండాశయం దాని అడుగున, ఆకుల మొదళ్ల మధ్య, మట్టిలో ఉంటుంది. అంటే పువ్వు వెలుగులో, కాయ చీకట్లో. వేరుశనగ పువ్వు పూశాక ఊడను నేలలోకి దించుతుంది. దీనికి ఆ పని లేదు, మొదటి నుంచీ కడుపు నేలలోనే. పశువు ఆకు మేసి పోయినా కాయ భద్రం. కానీ గింజలు కొద్ది, అవీ తల్లి పక్కనే ఉండిపోతాయి. ఒకచోట మొక్కలన్నీ తవ్వేస్తే గింజలూ ఆ మట్టితోనే పోతాయి. పక్క కొండ నుంచి గాలికి ఎగిరి వచ్చేవి కావు మరి.

తవ్వుతున్నది ఎందుకో మీకు తెలుసు. దీని దుంపే బజారులో నల్ల ముస్లీ. ఆయుర్వేదంలో బలానికి వాడతారు. పెద్దలు తమ ఇంటి మందుకు ఒకటి రెండు దుంపలు తీసుకునేవారు. బేరగాడికి కావలసింది బస్తాలు. పువ్వు కనిపించే రోజుల్లోనే మొక్క గుర్తుపట్టడం సులువు కనుక అప్పుడే గునపం పడుతుంది. ఆ ఏటి గింజ ఇంకా తయారై ఉండదు. ఇది మంచి పద్ధతి కాదు. కూలి డబ్బు కోసం తవ్వే అక్కలను తప్పుపట్టడం మాత్రం మా ఉద్దేశం కాదు, ఇంటి అవసరం ఏమిటో మనకు తెలియనిదా!

వానలు వెనకబట్టి ఆకు పండే వరకు ఆగి తవ్వితే గింజ నేలలో రాలి ఉంటుంది, దుంపా ముదురుతుంది. దుంపనంతా సంచిలో వేయకుండా, మొగ్గ ఉన్న పై ముక్కను రెండు అంగుళాల మేర కోసి అదే గుంటలో పెట్టి మట్టి కప్పితే మళ్లీ మొలుస్తుంది. నీడ ఉన్న పెరట్లోనూ పెంచవచ్చు. ఆకు కొన తడి మట్టికి తగిలిన చోట కూడా ఒక్కోసారి పిల్ల మొక్క పుడుతుంది. ఈ వానల్లో చూడండి.

ఇంకొక మాట. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయంలో దుంపలను, వేళ్లను, మందు మొక్కలను పేరు పెట్టి చేర్చింది. వాటి మీద యాజమాన్య హక్కు మనది. సామూహిక అటవీ వనరులను ఎలా వాడుకోవాలో నియంత్రించే అధికారమూ ఆ చట్టం గ్రామసభకు ఇచ్చింది. నేలతాడిని ఏ నెలకు ముందు తవ్వకూడదో తీర్మానం రాసుకోవడానికి ఎవరి దగ్గరికీ వెళ్లనక్కర్లేదు. చదువుకున్న మీరు ఆ చట్టంలో అయిదో సెక్షన్ తెలుగులో చదివి వినిపించండి. ఏ నెల అన్నది పెద్దలు చెబుతారు.