కణమునకు తగిన గిన్నె

నీరు ఏ పాత్రలో పోసిన ఆ పాత్ర రూపమును పొందును. రూపము మారినను దాని గుణము మారదు. జీవకణముల విషయమున ఈ మాట చెల్లదు. వానిని పెంచెడి పాత్ర మారినచో వాని రూపమే గాక నడవడియు మారును. ఒక మందు కాన్సరును అణచునో లేదో శాస్త్రజ్ఞులు మొట్టమొదట పరీక్షించునది ఇట్టి పాత్రలలోనే. కనుక గిన్నె రూపము దానిని చేయువారికి మాత్రమే పట్టిన విషయము కాదు. రోగికిని, రోగి ఇంటివారికిని పట్టిన విషయము.

మూతగల లోతు తక్కువ గాజు గిన్నెను 1887లో జర్మనీ దేశీయుడు జూలియస్ రిచర్డ్ పెట్రీ సూక్ష్మజీవుల పెంపకమునకై లోకమునకు తెలిపెను. జంతువుల కణజాలమును సైతము శరీరమునకు వెలుపల పెంచవచ్చునని 1907లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాస్ హారిసన్ చూపెను. ఆయన కప్ప పిండమునుండి నాడీకణజాలపు తునకను తీసి, గాజుబిళ్ల క్రింద వ్రేలాడు శోషరస బిందువులో నుంచి, నాడీతంతువు సాగుచుండుటను సూక్ష్మదర్శినిలో చూచెను. తరువాతి కాలమున బల్లపరుపు గిన్నెలే కణముల పెంపకమునకు వాడుకలోనికి వచ్చినవి. గాజునకు బదులు పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్కు వచ్చినది. అది సహజముగా నీటికి అంతగా తడవదు. అందుచేత విద్యుత్తు సాయమున దాని పైభాగమును మార్చి, కణములు అంటుకొనునట్లు చేసిరి. కణములు దానిపై పలుచని పొరగా పరచుకొని పెరుగును. చూచుటకును, లెక్కించుటకును సులువు.

అయితే మన కాలేయములో గాని, మూత్రపిండములో గాని కణములు నేలపై చాప పరచినట్లుండవు. ప్రతి కణమునకు ప్రక్కలనే గాక పైనను, క్రిందను ఇరుగుపొరుగు కలదు. ఆ ఇరుగుపొరుగును బట్టియే దాని నడవడి. మీనా బిస్సెల్, ఆమె సహచరులు 1992లో ప్రకటించిన ప్రయోగ మొకటి దీనికి మంచి నిదర్శనము. వారు ఆరోగ్యముగల రొమ్ము కణములను, కాన్సరు కణములను మెత్తని జెల్లీలో పెంచిరి. మంచి కణములు చిన్న గుండ్రని అమరికగా ఏర్పడి పెరుగుట మానినవి. కాన్సరు కణములు క్రమములేక పెరుగుచునే యుండెను. బల్లపరుపు ప్లాస్టిక్కుపై ఈ భేదము ఇంత స్పష్టముగా తెలియదు. అనగా గిన్నెయే మంచిచెడ్డల భేదమును మరుగుపరచుచుండెనన్నమాట.

మరి కణములు ఉండగా చేరవలెనన్న ఏమి చేయవలెను? వానికి గిన్నెపై పట్టు దొరకరాదు. అన్నియు ఒకచోటికి చేరవలెను. తామరాకుపై నీటిబొట్టు అంటకుండుట మనమెరిగినదే. కణములు అంటని గిన్నె చేయుట మాత్రము ఇందుకు వేరైన ఉపాయము. తామరాకు నీటిని దూరముగా నుంచును. ఈ గిన్నె లోపలి పూత నీటిని తనలో నింపుకొనును. అట్టి తడి పూతపై మాంసకృత్తులు నిలువవు. అవి నిలువనిచోట కణమునకు ఆధారము లేదు. సముద్రపు నాచునుండి తీసిన అగరోజ్ పూతయు ఇట్టిదే. ఇక అడుగును గుండ్రముగా చేసినచో, కణములు తమ బరువుచేతనే క్రిందికి దిగి నడుమకు చేరి, ఒకదాని నొకటి పట్టుకొని, కొలది దినములలో ఒకే ఉండగా కట్టును. బల్లపరుపు అడుగున నైనచో చిన్నవి, పెద్దవి అనేక ముద్దలు ఏర్పడును.

ఉండ పరిమాణము మిక్కిలి ముఖ్యము. దానిలో రక్తనాళములు లేవు. ప్రాణవాయువు వెలుపలినుండి లోనికి ఇంకవలసినదే. అది సుమారు 150 మొదలు 200 మైక్రానుల లోతువరకే చాలినంతగా చేరును. వేయి మైక్రానులు ఒక మిల్లీమీటరు. కనుక అర మిల్లీమీటరు ఉండలో వెలుపలి కణములు వృద్ధి పొందుచుండగా, లోపలివి మందగించి, నడిమివి చచ్చుట సాధారణము. ఇది లోపమువలె తోచును గాని, శరీరములోని కాన్సరు గడ్డయందును ఇట్టి స్థితి కలదు. ప్రాణవాయువు కొరవడిన కణములు కిరణ చికిత్సకు సులువుగా లొంగవు. కొన్ని మందులు లోతునకు చేరవు. కెనడాలో రాబర్ట్ సదర్లాండ్, ఆయన సహచరులు 1970 ప్రాంతమున ఇట్టి ఉండలను పెంచి కిరణముల ప్రభావమును పరీక్షించిరి. ఒక ఉండ చిన్నదై వేరొకటి పెద్దదైనచో రెంటిపై మందు ఫలితములను పోల్చరాదు. ప్రతి గుంటలో ఒకే ఉండ, అన్నియు ఒకే పరిమాణమున ఉండవలెననుట అందుకే.

ఇచ్చట పాత్ర చేయువారికి చిక్కులు అనేకము. సాధారణ పలకలో 96 గుంటలు, ఒకదాని నడిమినుండి ప్రక్కదాని నడిమికి 9 మిల్లీమీటర్ల దూరమున ఉండును. ద్రవము పోసెడి యంత్రములు ఈ కొలతకే అమరియున్నవి. దీనిని మార్చుటకు వీలులేదు. పాత ద్రవమును పీల్చునపుడు ఉండయు దానితో పోరాదు. అందులకు గుంట గోడలో చిన్న మెట్టు నొకదానిని అమర్చి, పీల్చు గొట్టపు కొన అచ్చటనే ఆగునట్లు చేయుదురు. వంకర అడుగు వెలుగును వంచును గనుక, సూక్ష్మదర్శినికి స్పష్టముగా కనబడుటకు అడుగు పలుచగను, నిర్మలముగను ఉండవలెను. అంచు గుంటలలో నీరు త్వరగా ఆవిరియగును; దానిని తగ్గించుటకు కొన్ని పలకల చుట్టును నీటికాలువ నుంతురు. చెప్పుటకు చిన్న సంగతులే. ఒక్కటి తప్పినను పరీక్ష తప్పును.

ఈ కణపు ఉండయే శరీరమని మేము చెప్పుటలేదు. దానికి గుండె లేదు, రక్తప్రసారము లేదు. అయినను బల్లపరుపు గిన్నెకంటె అది శరీరమునకు ఒక మెట్టు దగ్గర. 2022 డిసెంబరులో అమెరికాలో వచ్చిన చట్టము, కొత్త మందుల పరీక్షకు జంతువులకు మారుగా ఇట్టి కణపద్ధతులను గూడ వాడుటకు అవకాశమిచ్చినది. 2023లో మన దేశపు నిబంధనలును ఆ త్రోవ పట్టినవి.

ప్రయోగశాలలో ఫలానా మందు కాన్సరు కణములను చంపినదని పత్రికలలో అప్పుడప్పుడు చదువుచుందుము. ఇంట రోగి యున్నవారికి ఆ వార్త ఎంత ఆశ కలిగించునో వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి వార్త చదివినపుడు మనము ఒక్క ప్రశ్న వేసికొనుట మంచిది: ఆ కణములు ఏ గిన్నెలో పెరిగినవి? చాపవలె పరచుకొన్న కణములను చంపిన మందు, గడ్డ కట్టిన కణముల నడుమకు చేరునో లేదో ఇంకను తేలవలసియుండును. అది తేలువరకు వైద్యుడు చెప్పిన చికిత్సను మానరాదు.