కొలిమితిత్తి తగిలించిన ఇంజను

‘ట్యూనింగు’ అనే మాట మన ఇండ్లలోనికి రేడియోతో వచ్చింది. మర తిప్పుతూ, గరగర వినబడినచోట విడిచి, గొంతు తేటపడినచోట చెయ్యి ఆపడము ఈ ప్రసంగము వింటున్నవారందరికీ తెలిసిన విద్యే. మోటారు కారు ఇంజను విషయములోనూ ఇదే మాట వాడుతారు. అక్కడ సవరించవలసినవి మూడు: గాలి, ఇంధనము, నిప్పురవ్వ. అయితే రేడియో శ్రుతి తప్పితే చెవికి చిరాకు కలుగుతుంది, అంతే. ఇంజను శ్రుతి తప్పితే లోహము కరుగుతుంది. నా బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే బరువు ఒకటి ఉన్నది. అది ఒక పిస్టను. దాని తలమీద చిటికెనవ్రేలు దూరేటంత కన్నము. ఆ కన్నానికి నేను కూడా బాధ్యుడినే కనుక దాని కథను నేనే చెప్పడము న్యాయము.

పెట్రోలు ఇంజను ఒక విధముగా ఊపిరి పీల్చే ప్రాణివంటిది. పిస్టను క్రిందికి దిగినప్పుడు గాలి లోనికి వస్తుంది. ఆ గాలికి తగినంత పెట్రోలు కలిస్తే, నిప్పురవ్వ తగిలి మండి, పిస్టనును నెట్టుతుంది. పెట్రోలు ఎంతయినా పోయవచ్చును. గాలి మాత్రము వాతావరణము నెట్టినంతే వస్తుంది. ఇంకా బలము కావాలంటే ఇంజనును పెద్దది చేయవలెను, లేదా గాలిని బలవంతముగా లోనికి త్రోయవలెను. ఈ రెండవ ఉపాయమే సూపర్‌ఛార్జరు. మన కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చేసే పని కూడా అదే కదా! తిత్తి ఊదితే బొగ్గు ఎర్రబడుతుంది. ఎర్రబడినకొద్దీ బొగ్గు తొందరగా తరిగిపోతుంది. ఈ రెండవమాటను జ్ఞాపకముంచుకోవలసినదిగా కోరుతున్నాను.

ఈ పోలిక నేను కల్పించినది కాదు. అమెరికాలో, ఇండియానా రాష్ట్రపు కానర్స్‌విల్ పట్టణములో, ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో పేటెంటు పొందిన గాలి యంత్రము మొదట కొలిములకే ఉపయోగపడింది. ఒక పెట్టెలో ఒకదానినొకటి ఒరుసుకోకుండా తిరిగే రెండు తమ్మెలు, అంతే. కారును ఎరుగని కాలపు ఆ యంత్రము 1921లో బెర్లిను మోటారు ప్రదర్శనలో మెర్సిడిస్ కార్లకు తగిలించబడి కనిపించింది. అందులో తిత్తి ఎల్లప్పుడూ తిరుగదు. కాలిక్రింది పెడలును నేలకు అంటే వరకు తొక్కినప్పుడే పెద్ద కేకతో అందుకుంటుంది. ఆ గాలి కార్బ్యురేటరులోనికి ఊదబడుతుంది. కార్బ్యురేటరులో ఒత్తిడి పెరిగినప్పుడు పెట్రోలు మీద కూడా అంత ఒత్తిడి పెట్టకపోతే పెట్రోలు ఎదురుగాలికి నిలిచిపోతుంది. అనగా తిత్తి పుట్టిననాడే ఇంధనపు చిక్కు కూడా పుట్టినదన్నమాట.

ఇంగ్లండులో బెంట్లీ కారుకు సర్ హెన్రీ బర్కిన్ సూపర్‌ఛార్జరు పెట్టించినప్పుడు వేరొక పద్ధతి అవలంబించారు. కార్బ్యురేటర్లు తిత్తికి ముందే ఉంటాయి. పెట్రోలు కలిసిన గాలినే తిత్తి త్రోస్తుంది. పెట్రోలు ఆవిరి అవుతూ గాలిని చల్లబరచడము ఇందులోని లాభము. పందెపు నిబంధనకోసము ఇటువంటి 50 కార్లను రోడ్డుమీద నడుపుకొనేందుకు అమ్మకానికి తయారుచేసినారు. ఆ కారును సృష్టించిన డబ్ల్యూ. ఓ. బెంట్లీకి మాత్రము ఇది ఎంతమాత్రమూ నచ్చలేదు. బలము కావాలంటే ఇంజనును పెద్దది చేయండని ఆయన పక్షము. 1930 లె మాన్ పందెములో తిత్తి ఉన్న బెంట్లీలు మధ్యలోనే ఆగిపోగా, తిత్తి లేని ఆరు సిలిండర్ల బెంట్లీ గెలిచింది. అయినా ఆ ఏడే ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో బర్కిన్ తన బరువైన కారుతో తేలికపాటి పందెపు కార్ల నడుమ రెండవ స్థానములో వచ్చాడు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు అంటే నేను బెంట్లీ పక్షమే. కాని వినేవారికి బర్కిన్ కథే రుచిస్తుంది!

ఇక అసలు శత్రువు సంగతి. సైకిలు ట్యూబుకు గాలి కొట్టినవారికి పంపు అడుగున చెయ్యి చురుక్కుమనడము అనుభవమే. గాలిని అదిమితే వేడెక్కుతుంది. 30 డిగ్రీల వేడి ఉన్న గాలిని వాతావరణపీడనానికి ఒకటిన్నర రెట్లకు అదిమితే, సామాన్యమైన సూపర్‌ఛార్జరులో అది సుమారు 85 డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కిన గాలి పలుచబడుతుంది గనుక, పీడనము సగము పెరిగినా, నిజముగా లోనికి పోయిన గాలి పావువంతుకు కొంచెము పైన మాత్రమే పెరుగుతుంది. అందుచేతనే నేటి కార్లలో ఆ గాలిని ఒక రేడియేటరు వంటి దానిగుండా పంపి, చల్లార్చి, ఇంజనుకు అందిస్తారు.

వేడిగా, చిక్కగా ఉన్న మిశ్రమానికి ఒక దుర్గుణమున్నది. గడ్డివాముకు ఒక మూల నిప్పంటుకుంటే మంట క్రమముగా రెండవ మూలకు ప్రాకుతుంది. సిలిండరులోనూ నిప్పురవ్వ దగ్గర మొదలైన మంట అట్లాగే ప్రాకవలెను. కాని ఆ మంట ఒత్తిడికి, వేడికి తట్టుకోలేక, దూరపు మూలనున్న మిశ్రమము మంట రాకముందే తనంతట తానే భగ్గుమంటే? ఇనుపడబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్లు శబ్దమవుతుంది. మెకానిక్కులు దానిని ‘నాకింగు’ అంటారు. శబ్దముతో పోతే బాధ లేదు. లోహాన్ని అంటిపెట్టుకొని కాపాడే పలుచని వాయువు పొరను ఆ ఘాతము చెదరగొట్టుతుంది. రెండువేల డిగ్రీలు దాటిన మంట నేరుగా పిస్టనును నాకుతుంది. శుద్ధమైన అల్యూమినియము 660 డిగ్రీలకే కరుగుతుంది; పిస్టనుకు వాడే మిశ్రలోహము అంతకన్నా ముందే మెత్తబడుతుంది.

పెట్రోలుకు ఈ ఘాతమును ఓర్చుకొనే శక్తి ఎంత అని తెలిపేదే ఆక్టేన్ సంఖ్య. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ సీసపు సమ్మేళనమొకటి కలిపి ఈ ఓర్పును పెంచాడు. దాని విషము లోకమంతటా వ్యాపించింది. మన దేశములో సీసము కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. కార్లకు అమ్మే అటువంటి పెట్రోలు ప్రపంచములో చిట్టచివరగా అల్జీరియాలో 2021లో ముగిసింది. అమెరికా బంకులలో వ్రాసే 93 అనే అంకె, మన బంకులలో వ్రాసే అంకె ఒకే కొలత కావని ఇక్కడ చెప్పవలసి ఉన్నది. వారు రెండు పరీక్షల సగటును వ్రాస్తారు. మనము ఒక పరీక్ష ఫలితమునే వ్రాస్తాము. వారి 93 మన లెక్కలో సుమారు 97, 98 అవుతుంది. అక్కడి పుస్తకము చూచి ఇక్కడ పెట్రోలు పోసేవారు ఈ తేడా తెలుసుకొనవలెను.

ఓర్పు గల ఇంధనముతోనే పని పూర్తి కాదు. ఒక కిలో పెట్రోలు సరిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావలెను. తిత్తి బలముగా ఊదుతున్నప్పుడు మాత్రము 11.5 లేక 12 కిలోల గాలికే ఒక కిలో పెట్రోలు ఇస్తారు. ఆ చిక్కని మిశ్రమములో కాలకుండా మిగిలిన పెట్రోలు వృథా అనిపిస్తుంది. నిజానికి అది చెమటవంటిది. ఆవిరి అవుతూ వేడిని తీసుకొనిపోతుంది. పొగ పెరుగుతుంది, డబ్బు పోతుంది, ఇంజను మిగులుతుంది. దానితోపాటు నిప్పురవ్వను కొంత ఆలస్యము చేయవలెను. అదనపు ఒత్తిడి చదరపు అంగుళానికి ఒక్కొక్క పౌను పెరిగినకొద్దీ సుమారు ఒక్కొక్క డిగ్రీ వెనుకకు జరపడము పనివాళ్ళు మొదట పట్టుకొనే లెక్క.

ఇప్పుడు నా పిస్టను దగ్గరకు వస్తాను. అమెరికాలో మిషిగన్ రాష్ట్రములో నేను కొన్నేండ్లు ఉద్యోగము చేసినాను. అక్కడ నా మిత్రుడు, గోదావరి జిల్లావాడు, ఎనిమిది సిలిండర్ల కారొకటి చేతిలోనున్న సొమ్మంతా పెట్టి కొన్నాడు. సహజముగా దాని శక్తి 300 గుర్రములు. పూర్వపు యజమాని సూపర్‌ఛార్జరు తగిలించి ఉన్నాడు. దానిని త్రిప్పే బెల్టు పుల్లీని చిన్నది చేస్తే తిత్తి ఇంకా వేగముగా తిరుగుతుంది, 450 గుర్రాలు వస్తాయి, చేయవచ్చునా అని నన్ను అడిగినాడు. నేను కాగితముమీద లెక్క వేసినాను. తిత్తి లేనినాడు గుర్రమొక్కింటికి గంటకు 225 గ్రాముల పెట్రోలు చాలును. తిత్తితో 270 గ్రాములు కావలెను. అంటే నిండా తొక్కినప్పుడు గంటకు 90 లీటర్లు త్రాగే ఇంజను 162 లీటర్లు త్రాగుతుంది. శక్తి సగము పెరిగితే దాహము నూటికి 80 పాళ్ళు పెరుగుతుంది. ఇంజెక్టర్లు పెద్దవే ఉన్నాయి. పెట్రోలు పంపుమీద 190 లీటర్లు అని ఉన్నది. “పరవాలేదు, బిగించుకో” అన్నాను. పొగగొట్టములో పెట్టి మిశ్రమపు అంకెను చూపే సాధనము కొందామని అతడే అంటే, ఖర్చు దండుగ అని వారించినాను.

నేను మరచినది మన ఇండ్లలో ప్రతివారికీ తెలిసిన సంగతి. బావి మోటారు నేలమీది తొట్టిలోనికి బొదబొద నీళ్ళు పోస్తుంది. అదే మోటారు రెండవ అంతస్తు ట్యాంకుకు ఎక్కించేటప్పుడు ధార సన్నగిల్లుతుంది. తిత్తి గాలి ఇంజెక్టరు మూతికి ఎదురు నిలుస్తుంది గనుక, పెట్రోలు ఒత్తిడిని కూడా అంత మేరకు పెంచవలెను. అనగా ఏ క్షణాన పెట్రోలు అత్యధికముగా కావలెనో, ఆ క్షణానే పంపు ఎక్కువ ఎత్తుకు ఎక్కించవలసి వచ్చి తక్కువ ఇస్తుంది. 190 అన్న అంకె తక్కువ ఒత్తిడి నాటిది.

జూలై మాసములో ఒక మధ్యాహ్నము పెద్దరోడ్డులోనికి ఎక్కుతూ అతడు పెడలు తొక్కినాడు. ప్రక్కన నేనే కూర్చొని ఉన్నాను. నాలుగువేల చుట్లవరకు బండి ఏనుగువలె పోయింది. ఐదువేలు దాటినతరువాత గులకరాళ్ళ చప్పుడు. ఇంజనుకు ఈ చప్పుడు వినే చెవి ఒకటి ఉంటుంది; స్ఫటికముతో చేసిన మైక్రోఫోను వంటిది. ఆ కొలతగల సిలిండరులో ఘాతము సెకనుకు ఆరువేల పైచిలుకు కంపనాలతో మ్రోగుతుంది. ఆ స్థాయికే ఆ చెవిని శ్రుతి చేసి ఉంచుతారు. అది విని నిప్పురవ్వను వెనుకకు జరపగలదు గాని, లేని పెట్రోలును తేలేదు కదా! నేను “ఆపు” అనేలోపల వెనుక నీలిపొగ కమ్మింది. ఏడవ సిలిండరు పిస్టను కన్నము పడినది. మిత్రుడు నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండునని ఆనాడు అనుకున్నాను.

మరమ్మతు ఖర్చులో సగము నేను పెట్టుకున్నాను. ఆ సందర్భములో అక్కడ అమ్మే ఇథనాలు ఇంధనము వాడమని కొందరు సలహా చెప్పినారు. సూదిమందుకు ముందు స్పిరిటు దూదితో తుడిచినచోట చర్మము చల్లబడుతుంది కదా. సారాయమునకు ఆవిరి అయ్యేటప్పుడు వేడిని లాగే గుణము పెట్రోలుకన్నా రెండు రెట్ల పైన. ఘాతమునకు ఓర్పూ ఎక్కువే. కాని నూటికి 85 పాళ్ళు ఇథనాలు ఉన్న మిశ్రమములో కిలోకు సుమారు 9.8 కిలోల గాలి మాత్రమే సరిపోతుంది. కనుక పెట్రోలుకన్నా మూడవవంతుకు మించి ఎక్కువ పోయవలెను. పంపు ఇంకా పెద్దది కావలెను. పైగా అక్కడ ఋతువునుబట్టి ఆ పాళ్ళు 51 నుండి 83 వరకు మారుతుంటాయి. మన దేశములోనూ 2023 నుండి నూటికి 20 పాళ్ళ ఇథనాలు గల పెట్రోలు అమ్మకానికి వచ్చింది. దానికి సరిపోయే గాలి 14.7 కాదు, సుమారు 13.5. తిత్తి తగిలించిన కారును పాత అంకెతో సరిచేసి ఉంచినవారు మళ్ళీ చూపించుకొనవలసి ఉంటుంది.

మేము ఇథనాలు జోలికి పోలేదు. పెద్ద పంపు, మిశ్రమము చూపే సాధనము కొని, బండిని రోలర్లమీద ఎక్కించి, రెండువేల చుట్లనుండి ఐదువందల చొప్పున పెంచుతూ ఒకదినమంతా కూర్చున్నాము. 5,800 దగ్గర అంకె 11.6 నుండి 12.4కు పాకింది. వెంటనే ఆపించి, పాత పుల్లీనే తిరిగి బిగించినాము. ఆ తరువాత అంకె కదలలేదు. చిన్న పుల్లీ ఇప్పుడు అతని ఇంట గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డముగా ఉన్నది.