కండరమునకును లోహమునకును నడుమ

సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినము. ఆ సందర్భమున చర్మముపై బిళ్ళలంటించి కండరముల విద్యుత్తును లిఖించు విద్యయొక్క పూర్వకథను ముచ్చటింపదలచితిని. గాల్వానీ కప్పకాళ్ళ వృత్తాంతము మీరు బడిలోనే వినియున్నారు. ఆ కప్పకు చర్మము ముందే ఒలిచివేయబడినది గనుక, నేను చెప్పబోవు చిక్కు ఆయనకు ఎదురుపడనే లేదు.

చిక్కంతయు మన చర్మములోనిదే. మృతకణములతో కూడిన పైపొర మిల్లీమీటరులో నూరవవంతుకు అటునిటుగా మాత్రమే మందము కలదియైనను, కండరమునుండి వెలువడు ఆ కొద్దిపాటి విద్యుత్తును గడప దాటనీయక నిలువరించును. దీనిని తన దేహముమీదనే పరీక్షించి తెలిసికొన్నవాడు బెర్లిను పండితుడు ఎమిల్ డ్యుబ్వా-రేమాన్. ఇరువదినాలుగువేలకు మించిన చుట్ల తీగతో గాల్వనోమీటరు నిర్మించి, రెండు చేతుల వ్రేళ్ళను ఉప్పునీటి పాత్రలలో ముంచి, ఒక చేతిని బిగింపగా సూచి కదలెను గాని, ఆ కదలిక అత్యల్పము. అంతట ముంజేతులపై బొబ్బలెక్కించు పట్టీలు వేసి, లేచిన పొరను తొలగించి, ఆ పచ్చిపుండ్లపైననే ఉప్పునీటి మెత్తలానింపగా సూచి అనేక రెట్లు వంగెను!

1849లో ఈ ప్రయోగమును చూడవచ్చినవాడు ఎనుబదేండ్లకు చేరువైన ప్రకృతిశాస్త్ర పండితుడు అలెగ్జాండర్ హంబోల్ట్. ఆ వృద్ధుడు చొక్కాచేతిని పైకి మడిచి, తన వ్రేళ్ళను పాత్రలలో ముంచి, సూచిని తానే కదిలించెను. అర్ధశతాబ్దికి పూర్వము, యౌవనమున, తన వీపుపై బొబ్బలెక్కించుకొని వాటిపై వెండి, జింకు బిళ్ళలు పెట్టుకొని చూచినవాడును ఈ హంబోల్టే. శాస్త్రచరిత్రలో నాకింత ప్రియమైన ఘట్టము మరొకటి లేదు.

సమయము తక్కువగా నున్నది. తక్కినది వడివడిగా చెప్పెదను. హాలెండు పండితుడు ఐంథోవెన్ రోగుల చేతులను, కాలిని ఉప్పునీటి తొట్లలో ముంచి హృదయపు విద్యుత్తును లిఖించెను. 1929లో ఏడ్రియన్, బ్రాంక్ అనువారలు చర్మమును తప్పించుకొని సూదిని కండరములోనికే దింపి, దాని సవ్వడిని లౌడ్‌స్పీకరులో వినిరి. పిమ్మట వెండి-వెండిక్లోరైడు బిళ్ళలును, జెల్లును వచ్చినవి.

సిద్దిపేటలో ఒకప్పుడు ఒక వృద్ధ నేతకారునికి బొటనవ్రేలి మూలమున ఈ బిళ్ళలంటింపగా చూచితిని. మగ్గమునకు అలవడిన ఆ చర్మము కాయలుగట్టి యున్నది. స్పీకరులో ‘బుయ్’మను హోరు తప్ప మరేమియు లేదు. పరీక్షకురాలు స్పిరిటుతో తుడిచి, గరుకు పూతతో మెల్లగా రుద్ది, కొత్త బిళ్ళలంటించి, “తాతా, జర చెయ్యి ఇడిసిపెట్టు” అన్నది. హోరు అణగిపోయెను. వ్రేలు కొంచెము లేపగా మంగలములో జొన్నపేలాలు చిట్లినట్లు చిటపటలు వినవచ్చినవి. “ఏంది బిడ్డా, గిది నా చెయ్యేనా మోగేది?” అని ఆయన అడిగిన తీరు నేను మరువలేదు.

చర్మపు నిరోధము తగ్గించిన చాలునని పలువురు తలంతురు. అది సగము నిజము. నేటి యంత్రములు కొంత నిరోధమును సహింపగలవు గాని, రెండు బిళ్ళలలో ఒకటి చక్కగా అంటి, రెండవది ఎండియున్నయెడల, గోడలలోని, సెకనుకు 50 ఆవృత్తుల కరెంటు ఆ తేడాను పట్టుకొని లోపలికి చొరబడును. చెమటయు సర్వదా శత్రువు కాదు: బిళ్ళక్రింద పుట్టు కొద్దితేమ మేలే చేయును, వేసవిలో కారిపోవు చెమటయే బిళ్ళను వదులుచేయును.

కావున పరీక్షకు పోవునాడు చేతులకు నూనెగాని, క్రీముగాని రాయకుడు. బిళ్ళలంటించువారు రెండు నిమిషములు ఎక్కువ రుద్దినను ఓర్చుకొనుడు.